బత్తాయి, నిమ్మ తోటల్లో కలుపు నివారణ, చెట్ల తెగుళ్లు

బత్తాయి, నిమ్మ చెట్లకు ఆహారాన్ని అందించే పీచువేళ్లలో ఎక్కువ భాగం నేల పై రెండడుగుల లోపే ఉంటాయి. కలుపు మొక్కల వేళ్లు తిరిగేదీ ఆ పొరలోనే. నీటికీ నత్రజనికీ రెండింటి మధ్య పోటీ అక్కడే జరుగుతుంది. చెట్టును చంపగల శిలీంధ్రాలు, వాటి వంటి ఇతర సూక్ష్మజీవులు కాచుకుని ఉండేదీ అక్కడే, ముఖ్యంగా చెట్టు మొదలు నేలను తాకే చోట. అందువల్ల ఈ తోటల్లో కలుపు తీయడం, తెగులు అదుపు చేయడం పైకి రెండు పనులుగా కనిపించినా, మొదటిది ఎలా చేశారన్నదాన్ని బట్టే రెండోదాని అవసరం ఎంతో తేలుతుంది. పాదులో పార ఎంత లోతుకు దిగింది, తవ్విన మట్టి ఎటు పోశారు, నీరు ఎక్కడ నిలిచింది అన్న చిన్న విషయాలు చెట్టు ఆయుష్షును నిర్ణయిస్తాయి.

తెలుగు నేలపై సాత్‌గుడి బత్తాయి ప్రధానంగా నల్గొండ, అనంతపురం, కడప, ప్రకాశం ప్రాంతాల్లో పండుతుంది. రాయలసీమలో దీన్ని చీనీ అంటారు. నిమ్మకు గూడూరు, పొదలకూరు, వెంకటగిరి, ఏలూరు, నకిరేకల్ పరిసరాలు పేరుపొందాయి. తిరుపతిలోని నిమ్మజాతి పంటల పరిశోధన స్థానం, వెంకటగిరి దగ్గర పెట్లూరులోని నిమ్మ పరిశోధన స్థానం, దేశస్థాయిలో నాగపూరులోని కేంద్ర నిమ్మజాతి పంటల పరిశోధన సంస్థ ఈ పంటలపై పనిచేస్తున్నాయి. బత్తాయిని సాధారణంగా ఆరు మీటర్ల ఎడంతో నాటుతారు. ఎకరాకు నూట పది చెట్ల దాకా పడతాయి. మొదటి నాలుగైదేళ్లు చెట్ల నీడ నేలను కప్పదు కనుక సాళ్ల మధ్య మిగిలే ఖాళీ అంతా కలుపుదే.

తోటలో పెరిగే కలుపు

గరిక, తుంగ, దర్భ అనే మూడూ తోటల్లో ఏళ్ల తరబడి ఉండిపోయే మొండి కలుపు. తుంగ నేలలో గడ్డల ద్వారా, గరిక కణుపుల ద్వారా విస్తరిస్తాయి. పారతో పైపైన చెక్కినా గడ్డలు, కణుపులు మిగిలిపోయి వారం పది రోజుల్లో మళ్లీ మొలుస్తాయి. దున్నితే కణుపులు ముక్కలై, ఒక్కో ముక్కా ఒక్కో మొక్క అవుతుంది. ఏటా వచ్చిపోయే వాటిలో వయ్యారిభామ, గునుగు, గలిజేరు, పల్లేరు, ఉత్తరేణి, తుమ్మి, గంగపాయలి, ఊద గడ్డి ముఖ్యమైనవి. ఇవి పూతకు రాకముందే తీసేస్తే, విత్తనం రాలక వచ్చే ఏడాది బెడద తగ్గుతుంది. వయ్యారిభామను పూత దశ దాటనిస్తే ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. పైగా దాన్ని పీకే కూలీలకు చర్మంపై దురద, దద్దుర్లు వస్తాయి.

కొన్ని మొక్కలు నీరూ ఎరువూ తినడంతో ఆగవు. తోట కంచెల మీద పాకే తిప్పతీగ, దూసరతీగ ఇందుకు మంచి ఉదాహరణలు. పండ్ల రసం పీల్చే రెక్కల పురుగు రాత్రివేళ వచ్చి, మాగుతున్న బత్తాయిలకు తొండంతో చిల్లులు పెడుతుంది. ఆ చిల్లుల్లోంచి కుళ్లు చొరబడి కాయ రాలిపోతుంది. అయితే ఆ పురుగు పిల్లదశ బత్తాయి చెట్టు మీద గడవదు. గొంగళిపురుగుగా అది బతికేది తిప్పతీగ, దూసరతీగ ఆకుల మీదే. కాయకు మందు కొట్టి ఈ పురుగును ఆపడం కష్టం. కంచె మీది తీగలను వేళ్లతో సహా తీయించడం దాని పుట్టుకనే అడ్డుకుంటుంది. అలాగే నిమ్మ ఆకులను తినే సీతాకోకచిలుక గొంగళి బావంచి మొక్క మీద కూడా పెరుగుతుంది. నల్లరేగడి తోటల్లో బావంచి ఉంటే ఆ పురుగుకు అదనంగా మేత దొరికినట్టే. బంగారు తీగ మరో రకం శత్రువు. దానికి ఆకులుండవు, పచ్చదనమూ లేదు. చెట్టు కొమ్మను చుట్టుకుని సన్నని పీల్చుగొట్టాలు దించి రసం లాగుతుంది. ప్రయోగశాలల్లో శాస్త్రజ్ఞులు, ఈ చెట్లను పట్టే గ్రీనింగ్ తెగులు బాక్టీరియాను నిమ్మజాతి మొక్క నుంచి బిళ్లగన్నేరుకు ఎక్కించడానికి ఈ తీగనే వంతెనగా వాడారు. బంగారు తీగ చుట్టుకున్న కొమ్మను తీగ విప్పుతూ కూర్చోకుండా, కొమ్మతో సహా కోసి కాల్చడమే మేలు. తెగిన చిన్న ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది.

ఇలాగని కలుపంతా చెరుపే చేస్తుందని అనుకోరాదు. చైనాలోని నిమ్మజాతి తోటల్లో అజరేటం అనే మొక్కను నేలమీద ఉండనిచ్చినప్పుడు, ఎర్రనల్లిని తినే మిత్రనల్లి దాని ఆకులపై తలదాచుకుని పెరిగింది. వానాకాలంలో సాళ్ల మధ్య పొట్టి గడ్డి నేలకోతను ఆపుతుంది, వాన చినుకు నేలమీద పడి మట్టిని మొదళ్ల మీదికి చిందించకుండా చూస్తుంది. ఈ రెండో సంగతి తెగుళ్ల విషయంలో ఎంతో ముఖ్యం. తోటను అద్దంలా చెక్కి ఉంచడం శ్రద్ధకు గుర్తని చాలాచోట్ల భావిస్తారు. చెట్టు మొదలు బెరడును పట్టే బంక తెగులు దృష్టితో చూస్తే నల్లగా, నున్నగా ఉన్న ఆ నేలే ప్రమాదకరం.

కలుపు తీసే పద్ధతులు

పాదులో మాత్రం కలుపు ఉండకూడదు. మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ పడే మేర పాదు ఉండాలి. ఆ నీడ అంచు దగ్గరే పీచువేళ్లు దట్టంగా ఉంటాయి, ఎరువు వేయాల్సిందీ అక్కడే. ఈ వలయంలో కలుపును కొడవలితోనో, చేత్తోనో, తేలికపాటి తొలికతోనో తీయాలి. పార దించాల్సి వస్తే రెండు మూడు అంగుళాలకు మించరాదు. వేసవి చివర ట్రాక్టరు కల్టివేటరును చెట్టు మొదటి దాకా పోనిస్తే పీచువేళ్లు తెగిపోతాయి. తెగిన ప్రతి వేరూ వేరుకుళ్లు శిలీంధ్రానికి తెరిచిన ద్వారం. సాళ్ల మధ్య దున్నాలంటే గుంటక లేదా రోటవేటరును నీడ అంచుకు బయటే, తక్కువ లోతులో నడపాలి.

ఈ మధ్య ఎక్కువగా వాడుకలోకి వచ్చిన బ్రష్ కట్టరు వేళ్లను తాకదు. కోసిన గడ్డి అక్కడే పడి నేలను కప్పుతుంది. సాళ్ల మధ్య దీనికి మించిన సాధనం లేదు. కానీ మొదలు దగ్గర దాని నైలాను దారం లేత బెరడును క్షణంలో చీల్చేస్తుంది. చెట్టు చుట్టూ బెరడు ఊడితే చెట్టు అక్కడితో సరి. ఒక పక్క ఊడినా ఆ గాయం దగ్గరే బంక మొదలవుతుంది. మొదలుకు అడుగున్నర దూరంలో యంత్రాన్ని ఆపి, మిగిలింది చేత్తో తీయించడం తప్పనిసరి.

పాదులో తీసిన మట్టిని చెట్టు మొదటికి ఎగదోయడం పాత అలవాటు. నీరు మొదటికి తగలకూడదన్న మంచి ఉద్దేశంతోనే రైతులు ఇది చేస్తారు. అయితే బత్తాయి మొక్క ఒకే చెట్టు కాదు, రెండింటి కలయిక. కింద రంగ్‌పూర్ నిమ్మ లేదా జంబేరి వేరుమూలం, పైన సాత్‌గుడి. వేరుమూలం నేలలోని తెగులును కొంత తట్టుకుంటుంది, సాత్‌గుడి బెరడు తట్టుకోలేదు. అందుకే అంటు కట్టిన చోటు నేలకు కనీసం అరడుగు ఎత్తులో ఉండేలా నాటుతారు. ఏడాదికి రెండుసార్లు మట్టి ఎగదోస్తూ పోతే నాలుగైదేళ్లలో ఆ అంటు మట్టిలో కూరుకుపోతుంది. నాటినప్పుడు తీసుకున్న జాగ్రత్తంతా అలా వృథా అవుతుంది. కలుపు తీసిన ప్రతిసారీ అంటు భాగం బయటికి కనబడేలా మట్టిని వెనక్కి లాగాలి.

నేలను కప్పే పద్ధతి, అంటే మల్చింగ్, కలుపును అణచడంతో పాటు తేమను నిలుపుతుంది. వరిగడ్డి, వేరుశనగ పొట్టు, ఎండుటాకులు అందుబాటులో ఉండే వస్తువులు. నాలుగంగుళాల మందంతో పరిస్తే గింజ నుంచి మొలిచే కలుపు చాలావరకు ఆగుతుంది. తుంగ మాత్రం ఆగదు. గడ్డిని మొదటికి ఆనించకూడదు. ఒక అడుగు ఖాళీ వదలాలి. లేకపోతే తడి, ఎలుకలు, చెదలు అక్కడే చేరతాయి. లేత తోటల్లో వేరుశనగ, మినుము, పెసర, అలసంద వంటి అంతర పంటలు కలుపు బెడదను తగ్గించి, కూలి ఖర్చును కొంత రాబడతాయి. జనుము, జీలుగ వేసి పూతకు ముందు కలియదున్నితే నేలకు సేంద్రియ పదార్థం చేరుతుంది. టమాటా, వంగ, మిరప, పొగాకు మాత్రం తోటలో వేయకూడదు. బంక తెగులు కలిగించే ఫైటోఫ్థోరా అనే సూక్ష్మజీవి జాతుల్లో ఒకటి పొగాకు కుటుంబపు పంటలపైనా బతుకుతుంది. వేళ్లను పట్టే నులిపురుగులకూ ఆ పంటలు ఆశ్రయమిస్తాయి.

కూలీలు దొరకని చోట కలుపు మందులు వాడుతున్నారు. గ్లైఫోసేట్‌ను పురుగు నియంత్రణ నిర్వాహకుల ద్వారానే వాడాలని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పరిమితి విధించింది. ఈ మందు ఆకుపచ్చని భాగాల ద్వారా మొక్కలోకి దిగి వేళ్ల దాకా పోతుంది. అందుకే గరిక, తుంగ మీద పనిచేస్తుంది. ఆ కారణంగానే తోటకు ముప్పు కూడా. చిన్న మొక్కల కాండం పచ్చగానే ఉంటుంది కనుక తుంపర తగిలితే లోపలికి పీల్చుకుంటుంది. తర్వాత వచ్చే చిగుర్లు సన్నగా, పాలిపోయి, జింకు లోపంలా కనిపిస్తాయి. దాన్ని తెగులుగా భావించి మరో మందు కొట్టడం, నష్టం మీద నష్టం. ఏ కలుపు మందైనా గాలి లేని వేళ, నాజిల్‌కు గొడుగు తొడిగి, నేలకు దగ్గరగా పట్టి కొట్టాలి. ఆ పంపును పురుగుమందులకు వాడకూడదు.

మొదలు, వేళ్ల తెగుళ్లు

బంక తెగులు ప్రపంచంలో నిమ్మజాతి సాగు చరిత్రనే మార్చింది. 19వ శతాబ్దం మొదటి సగంలో అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల్లో ఇది చెలరేగి బత్తాయి తోటలను నాశనం చేసింది. తర్వాత మధ్యధరా తీరమంతా పాకింది. అప్పటిదాకా గింజ నుంచో, బత్తాయి వేరుమూలం మీదో పెంచిన చెట్ల స్థానంలో, ఆ తెగులును తట్టుకునే పుల్ల నారింజ వేరుమూలంపై అంటుకట్టడం మొదలైంది. ఆ పరిష్కారం దాదాపు వందేళ్లు నిలిచింది. 1930ల నుంచి అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల్లో ట్రిస్టిజా అనే వైరస్ తెగులు వచ్చి, సరిగ్గా పుల్ల నారింజ మీద కట్టిన చెట్లనే కోట్ల సంఖ్యలో చంపింది. బ్రెజిల్ రైతులు రంగ్‌పూర్ నిమ్మ వేరుమూలానికి మారారు. అది ట్రిస్టిజాను, కరవును తట్టుకుంది. 1999లో ఆ దేశంలోని మినాస్ జెరైస్ రాష్ట్రంలో, రంగ్‌పూర్ మీది చెట్లను హఠాత్తుగా చంపే కొత్త తెగులు బయటపడింది. తెలుగు ప్రాంతాల్లో కూడా రంగ్‌పూర్ వేరుమూలమే బత్తాయికి ప్రధాన సిఫారసు. ఒకే వేరుమూలం మీద ప్రాంతమంతా ఆధారపడితే ఏం జరుగుతుందో ఈ చరిత్ర చూపిస్తుంది.

బంక తెగులుకు కారణమైన ఫైటోఫ్థోరా నిజమైన శిలీంధ్రం కాదు. నీటి బూజుల వర్గానికి చెందింది. దాని సిద్ధబీజాలకు ఈదే తోకలుంటాయి. నిలిచిన నీటిలో ఈదుతూ, వాన చిందిన మట్టితో ఎగురుతూ మొదలును చేరతాయి. మొదట బెరడు మీద నీరు ఊరినట్టు మచ్చ, ఆ తర్వాత తేనెరంగు బంక కనిపిస్తుంది. బెరడు గోకితే లోపల గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. మచ్చ చెట్టు చుట్టూ తిరిగితే ఆకులు పసుపెక్కి రాలిపోతాయి. చావబోయే చెట్టు విపరీతంగా పూత పూసి, చిన్న కాయలు కాస్తుంది. రైతు దాన్ని మంచి కాపుగా పొరబడే అవకాశం ఉంది.

నివారణ నీటితోనే మొదలవుతుంది. రెండు పాదుల పద్ధతిలో, మొదలు చుట్టూ ఎత్తుగా ఒక చిన్న కట్ట వేసి, నీరు ఆ కట్టకూ బయటి కట్టకూ మధ్యనే నిలిచేలా చూస్తారు. నీరు ఒక చెట్టు పాదులోంచి మరో చెట్టు పాదులోకి పారితే తెగులూ దాంతోపాటే ప్రయాణిస్తుంది. ప్రతి పాదుకూ కాలువ నుంచి విడిగా నీరు పెట్టాలి. డ్రిప్ ఉంటే, చెట్టు పెరిగేకొద్దీ డ్రిప్పర్లను మొదటి నుంచి నీడ అంచు వైపు జరపాలి. నాటిన రోజు పెట్టిన చోటే పదేళ్లు వదిలేసిన డ్రిప్పర్లు, ఏ పాదు నీటికీ తీసిపోకుండా మొదలును తడుపుతూ ఉంటాయి.

తెగులు సోకిన బెరడును పదునైన కత్తితో ఆరోగ్యంగా ఉన్న కణజాలం తగిలేదాకా గోకి, ఆ గోకిన చెక్కలను తోటలో వదలకుండా కాల్చి, గాయానికి బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీరు దీని పాళ్లు. అవే రెండు కిలోలను వంద లీటర్ల నీటిలో కలిపితే ఒక శాతం బోర్డో మిశ్రమం అవుతుంది. ఫ్రాన్సులోని బోర్డో పట్టణంలో మిలార్డే అనే శాస్త్రజ్ఞుడు ద్రాక్ష బూజు తెగులుపై దీన్ని 1885లో లోకానికి తెలియజేశాడు. మైలుతుత్తాన్ని, సున్నాన్ని వేర్వేరుగా ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రల్లో కరిగించి, తర్వాతే కలపాలి. ఇనుప పాత్ర పనికిరాదు. మెరిసే కొడవలి మొనను మిశ్రమంలో ముంచి తీసినప్పుడు దానిపై ఎర్రని పూత కనిపిస్తే రాగి ఎక్కువైనట్టు. మరికొంత సున్నపు తేట కలపాలి. తయారుచేసిన రోజే వాడేయాలి. వర్షాలకు ముందు, వర్షాలు తగ్గాక మొదలుకు రెండు మూడడుగుల ఎత్తు వరకు పేస్టు పూయడం బత్తాయి రైతు మానకూడని పని. తెగులు ముదిరితే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లేదా ఫోసెటిల్ అల్యూమినియం పనిచేస్తాయి. కార్బెండజిమ్ నీటి బూజుల మీద పనిచేయదు. ఈ తేడా తెలియక అదే మందు మళ్లీ మళ్లీ పోసి, చెట్లను పోగొట్టుకోవడం జరుగుతోంది.

వేరుకుళ్లు దీనికి భిన్నమైనది. ప్రధాన కారకం ఫ్యుజేరియం అనే అసలైన శిలీంధ్రం. ఇక్కడ బంక కారదు. చెట్టు ఒక్కసారిగా వడలుతుంది. ఆకులు ఎండినా కొమ్మలకే అంటుకుని ఉంటాయి. వేరును చీలిస్తే లోపలి చెక్క బూడిద, గోధుమ రంగుల్లో ఎండి కనిపిస్తుంది. ఈ శిలీంధ్రం చాలా తోటల మట్టిలో ముందే ఉంటుంది. చెట్టు నీరసించినప్పుడే లోపలికి వస్తుంది. ఆ నీరసానికి కారణాలు ఎక్కువగా యాజమాన్యంలోవే. వేళ్లు తెగేలా దున్నడం, నీరు మురగడం, పూత కోసం చెట్టును మితిమీరి బెట్టకు వదిలి, ఆ తర్వాత ఒక్కసారిగా వరద నీరు పెట్టడం వీటిలో ముఖ్యం. బెట్ట అవసరమే. అయితే ఆకులు కొంచెం మెత్తబడగానే ఆపి, తేలిక తడులతో మొదలుపెట్టాలి. బోర్లు ఎండి, వేసవి అంతా బెట్టలో గడిపిన తోటల్లో తొలకరి తర్వాత చెట్లు వరుసగా చనిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ట్రైకోడెర్మా అనే మిత్రశిలీంధ్రాన్ని మాగిన పశువుల ఎరువు, వేపపిండితో కలిపి నీడలో పది పదిహేను రోజులు తడుపుతూ పెంచి పాదుల్లో వేస్తే ఫ్యుజేరియాన్ని అణచివేస్తుంది. అదే పాదులో రసాయన శిలీంధ్రనాశిని పోస్తే ట్రైకోడెర్మా కూడా చస్తుంది కనుక రెండింటికీ మధ్య కొన్ని వారాల ఎడం ఇవ్వాలి.

ఆకులు, కొమ్మల తెగుళ్లు

గజ్జి తెగులు బాక్టీరియా వల్ల వస్తుంది. నిమ్మకు ఇది పెద్ద శత్రువు, బత్తాయికి అంతగా కాదు. ఆకులు, కొమ్మలు, కాయలపై గరుకు మచ్చలు, వాటి చుట్టూ పసుపు వలయం దీని గుర్తులు. గాలివాన దీన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. ఆకు తొలిచే పురుగు చేసిన వంకర దారులు బాక్టీరియాకు తేలికగా చొరబడే గాయాలవుతాయి. కాబట్టి లేత చిగుర్ల మీద ఆ పురుగును అదుపు చేయడం గజ్జికి కూడా మందే. తోట చుట్టూ సరుగుడు, సుబాబుల్ వంటి గాలిని ఆపే చెట్లు పెంచడం, ఎండిన, గజ్జి పట్టిన కొమ్మలను పొడి వాతావరణంలో కత్తిరించి కాల్చడం, తొలకరి ముందు నుంచి రాగి మందులు పిచికారీ చేయడం కలిపి చేస్తేనే ఫలితం కనిపిస్తుంది. బాలాజీ నిమ్మ రకం గజ్జిని కొంత తట్టుకుంటుంది.

ట్రిస్టిజాను పేనుబంక మోస్తుంది. నిమ్మ చెట్టుకు ఏ వేరుమూలం మీదున్నా ఇది సోకుతుంది. ఆకు ఈనెలు పాలిపోయి, కొమ్మల చెక్క మీద గుంటలు పడతాయి. గ్రీనింగ్‌ను సిట్రస్ సిల్లా అనే చిన్న పురుగు మోస్తుంది. భారతదేశంలో ఆ సంబంధాన్ని కపూర్, ఆయన సహచరులు 1967లో చూపించారు. కరివేపాకు చెట్టు మీద కూడా ఆ పురుగు గుడ్లు పెట్టి పెరుగుతుంది. తోట గట్టున కరివేపాకు పెంచే అలవాటును ఈ దృష్టితో మళ్లీ ఆలోచించాలి. ఫ్లోరిడాలో గ్రీనింగ్ 2005లో కనబడింది. అంతకుముందు 2003–04లో 24 కోట్ల పెట్టెలు దాటిన అక్కడి నారింజ దిగుబడి, రెండు దశాబ్దాల్లో రెండు కోట్ల పెట్టెలకు దిగువకు పడిపోయింది. ఇన్ని మందులు, ఇంత పరిశోధన ఉన్న చోట అలా జరిగిందంటే, సోకిన చెట్టుకు చికిత్స లేదన్న మాట ఎంత నిజమో తెలుస్తుంది.

గ్రీనింగ్‌ను జింకు లోపం నుంచి వేరుచేసి గుర్తించాలి. జింకు లోపంలో నడి ఈనెకు రెండు వైపులా మచ్చలు ఒకేలా ఉంటాయి. గ్రీనింగ్‌లో ఒక వైపు మచ్చకూ రెండో వైపు మచ్చకూ పోలిక ఉండదు. కాయలు ఒంకరగా, అడుగున పచ్చగా మిగిలి, చేదుగా ఉంటాయి. జింకు పిచికారీ చేసిన తర్వాత వచ్చే చిగుర్లు మామూలుగా ఉంటే అది లోపమే. మారకపోతే ప్రయోగశాల పరీక్షకు పంపాలి. తెగులు నిర్ధారణ అయిన చెట్టును ఉంచుకోవడం పక్క చెట్లకు ముప్పు.

ట్రిస్టిజా, గ్రీనింగ్ రెండూ ఎక్కువగా నారుమడి నుంచే తోటకు వస్తాయి. తెగులున్న తల్లిచెట్టు నుంచి కోసిన మొగ్గ ప్రతి అంటులోకీ తెగులును తీసుకెళ్తుంది. వల కింద పెంచిన, పరీక్షించిన తల్లిచెట్ల మొగ్గలతో కట్టిన అంట్లనే కొనాలి. కత్తిరింపుల కత్తులను చెట్టు చెట్టుకూ మధ్య బ్లీచింగ్ ద్రావణంలో ముంచాలి. పంట కోత అయ్యాక ఎండుపుల్లలు తీసి, కోసిన చోట బోర్డో పేస్టు పూస్తే కొమ్మ ఎండు తెగులు కిందికి దిగదు.

చచ్చిన చెట్టును తీసినప్పుడు మొద్దుతో పాటు వీలైనంత వరకు వేళ్లను కూడా తవ్వి తీసి కాల్చాలి. గుంటను వేసవి అంతా తెరిచి ఎండనివ్వాలి. పారదర్శక పాలిథిన్ పట్టా కప్పితే వేడి మరింత లోతుకు దిగి తెగులు బీజాలు చాలావరకు చస్తాయి. తొలకరిలో పైమట్టి, పశువుల ఎరువు, వేపపిండి, ట్రైకోడెర్మా కలిపి నింపి, నేల కుంగిన తర్వాత కూడా అంటు అరడుగు పైనే ఉండేలా కొంచెం ఎత్తున కొత్త మొక్క నాటాలి.